హబీబ్ చూసిన బారెల్

మా అబ్బా ఎంత మొండిమనిషో చెప్పడం మొదలుపెడితే ఇవాళ్టికి తేలే పని కాదు గానీ, రాజరత్నం మాస్టారి రైఫిల్‌కి బారెల్ ఎంచిన రోజు సంగతి ఒక్కటి చెప్తాను. అబ్బా అంటే మా నాన్న, పేరు హబీబ్. ఏలూరు పవర్‌పేటలో తుపాకుల రిపేరు కొట్టు మాది. లైసెన్సు ఆయన పేరున ఉంది, పని నా చేతులమీద నడుస్తోంది. నా పేరు సబీహా. ఆడమనిషి తుపాకులు బాగుచేయడమేమిటని మొదట్లో గుమ్మంలో నిలబడి మరీ చూసేవాళ్ళు. చూసి చూసి వాళ్ళకే విసుగొచ్చింది, నేను మాత్రం ఆకురాయి వదల్లేదు.

తుపాకుల కొట్టంటే ఏదో గొప్పగా ఊహించుకునేరు. వేట కూడదని చట్టం వచ్చాక కొల్లేట్లో పరజపిట్టల వేట పోయింది, దాంతోపాటు మా బేరం సగం పోయింది. ఒకప్పుడు చలికాలం వచ్చిందంటే కొల్లేటికోట నుంచీ గణపవరం నుంచీ జోడు తుపాకులు పట్టుకుని జనం వచ్చేవారట. నాకు బుద్ధి తెలిసేసరికే అదంతా అయిపోయింది. ఇప్పుడు మా కొట్లో తుపాకులకంటే కుట్టుమిషన్లే ఎక్కువ. ఎలక్షన్లప్పుడు లైసెన్సు తుపాకులు స్టేషన్లో పెడతారు కదా, అవి ఇళ్ళకి చేరాక తుడిపించుకోడానికి ఓ పాతికమంది వస్తారు. మిగతా రోజుల్లో నేను మిషన్లకి బెల్టులు మారుస్తూ ఉంటాను, అబ్బా కుర్చీలో కూచుని నా పనికి వంకలు పెడుతూ ఉంటారు.

అయినా ఆయన మాటకి ఉన్న విలువ మాత్రం చెక్కుచెదరలేదు. ఇటు తాడేపల్లిగూడెం నుంచి అటు చింతలపూడి దాకా ఎవరు తుపాకీ కొన్నా, అమ్మినా, బారెల్ మార్చినా, మొదట అడిగే మాట ఒకటే. "హబీబ్ చూశాడా?" చూశాడంటే ఇక ప్రశ్న లేదు. చూడలేదంటే బేరం ఆగిపోతుంది. మాకు మేడలు లేవు, పొలాల్లేవు, ఉన్నదల్లా ఆ మాటే.

ఆయన చూసే పద్ధతేమిటో చెప్తే గానీ తరవాతి సంగతి అర్థం కాదు. మా వెనక గదిలో తూర్పు కిటికీ ఒకటి ఉంది. దాని మధ్యలో ఒకే ఒక్క అడ్డ ఊచ. బారెల్‌ని కంటికి ఆనించుకుని ఆ ఊచ వైపు తిప్పితే, లోపలి నునుపుమీద ఊచ నీడ సన్నటి గీతలాగా పడుతుంది. బారెల్ తిన్నగా ఉంటే గీత తిన్నగా పోతుంది. ఎక్కడ వంకర ఉందో అక్కడ గీత విరుగుతుంది, అంతే. చెప్పుకుంటే చిన్న పనే గానీ, వెంట్రుకవాసి వంకర పట్టుకోవాలంటే ఏళ్ళు పడుతుంది. అబ్బాకి పట్టుబడింది. ఆయనకి తెలీకుండా నేనూ చూసి చూసి నేర్చుకున్నాను. అయితే బారెల్ బాగోగులు ఆయన నన్ను ఎప్పుడూ అడిగింది లేదు, నేను చెప్పిందీ లేదు. ఆ మాట ఆయన సొంతం.

ఇక రాజరత్నం మాస్టారు. గూడెంలో మిషన్ స్కూల్లో ముప్ఫయ్యేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, మాట చాలా నెమ్మది. ఆయన తండ్రి ఎలీయాజరు గారు మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేస్తూ, ఊరు వదిలి వెళ్ళిపోయే దొర దగ్గర ఒక పాత రైఫిల్ కొన్నారట. ఆ రైఫిల్ మాస్టారికొచ్చింది. మెట్ట ప్రాంతంలో మొక్కజొన్న చేలని అడవిపందులు పాడుచేస్తుంటే, వాటిని కొట్టడానికి ఫారెస్టువాళ్ళు అనుమతిచ్చే లైసెన్సుదారుల్లో మాస్టారొకరు. ఏడాదికి మూడు నాలుగుసార్లు కబురొస్తుంది. రైఫిల్ మూట కట్టుకుని బస్సెక్కి పోతారు.

ఆ రైఫిల్ బారెల్ అరిగిపోయింది. లోపలి మెలికలు దాదాపు మాసిపోయాయి. గుండు తిరుగుతూ పోతేనే తిన్నగా పోతుంది, ఆ తిప్పుడు ఇచ్చేవి మెలికలే. భుజానికి ఆనించే చెక్క ముందే కొత్తది చేసిపెట్టాం, ఇరుగుడు చెక్క, మూడు నెలలు కూచుని నేనే చెక్కాను. కొత్త బారెల్ వేస్తే మాస్టారి కొలతకి మాస్టారి చేతికి కుదిరిన రైఫిల్ అవుతుంది. కలెక్టరేట్ నుంచి బారెల్ మార్పిడికి పర్మిషన్ రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసిన రెండేళ్ళకి, అంటే 2008 చలికాలం ముందు, ఆ కాగితం చేతికొచ్చింది.

కాగితం వచ్చిన వారంలోనే మాస్టారు గూడెం ఇంటర్నెట్ సెంటర్లో గంటలు గంటలు కూచుని బొమ్మలు ప్రింటు తీయించుకొచ్చారు. ఒకటి పొడుగ్గా, లావుగా, పైన గాడులు తీసి ఉంది. ఇంకొకటి స్టీలుది, తళతళలాడుతోంది. చిన్నపిల్లాడు బొమ్మల కొట్లో నిలబడ్డట్టు మా బల్లమీద అవన్నీ పరిచారు. అబ్బా ఒక్కటీ చూడలేదు, పక్కకి నెట్టేశారు. ఆ పొడుగాటిది కావాలంటే కొల్లేట్లో పడవ నడిపే గెడ ఒకటి ఇప్పిస్తాను, అదైతే చవకలో పోతుందన్నారు. మాస్టారికి నవ్వొచ్చింది. ఆ తరవాత అబ్బా ఎవరినైనా అడిగే మూడు ప్రశ్నలు అడిగారు. దేన్ని కొట్టాలి, ఎంత దూరం నుంచి కొట్టాలి, దాని వెనకాల ఏముంది.

మొదటి రెండూ అందరూ చెప్తారు. అడవిపందిని, అరవై డెబ్భై గజాల్లో అన్నారు మాస్టారు. మూడోదాని దగ్గరే అందరూ తడబడతారు. మా డెల్టా అంతా బల్లపరుపు నేల. గుట్టనేది లేదు. రైఫిల్ గుండు తప్పిందంటే ఆపేది ఏదీ ఉండదు, నీళ్ళమీద పడితే ఎగిరి ఇంకో ఊరు పోతుంది. అందుకే మా కొట్లో బాగుచేసిన ఏ రైఫిల్నీ ఇక్కడ పేల్చి చూడం, మెట్టకి తీసుకెళ్ళి రాతి క్వారీ గోడకేసి చూస్తాం. మాస్టారు కాస్త ఆలోచించి, వెనకాల మొక్కజొన్న, మొక్కజొన్న వెనకాల డప్పులు కొట్టి పందుల్ని తోలే మనుషులు అన్నారు. అయితే మీకు కావలసింది పొడుగూ కాదు, తళుకూ కాదు అన్నారు అబ్బా. చేలో మోయడానికి వీలుగా ఇరవైరెండు అంగుళాలు, మధ్యరకం మందం, మీ పాత తూటాలోని బరువు గుండుకి సరిపడా పది అంగుళాలకొక మెలిక, అన్నిటికంటే ముందు తిన్నగా ఉండాలి, నాలుగో గుండు కూడా మొదటిది పోయిన చోటికే పోవాలి అన్నారు. మాస్టారు ఆ బొమ్మలన్నీ మడిచి జేబులో పెట్టేసుకున్నారు.

మద్రాసు డీలరు దగ్గర అలాంటివి పాత స్టాకులో రెండున్నాయంటే రెండూ తెప్పించాం. ఒకటి ఎంచుకుని రెండోది తిప్పి పంపాలని ఒప్పందం. అవి వచ్చిన రోజు అబ్బాకి జ్వరం, ఇంట్లో పడుకున్నారు. నేనే గ్రీజు తుడిచి, కిటికీ దగ్గర రెండూ చూశాను. ఒకటో నంబరు వంకర. మూతికి జానెడు ఇవతల గీత చిన్నగా విరిగింది. ఎక్కడ ఏ బరువు కింద పడి నలిగిందో మరి. అలాంటి బారెల్ మొదటి గుండు గురిదగ్గరే వేస్తుంది. రెండు మూడు పేలి వేడెక్కాక మాత్రం పక్కకి లాగుతుంది. రెండో నంబరు తిన్నగా ఉంది, తూటా కూచునే గొంతు దగ్గర కాస్త గరుకు, అది నేను సాపు చేసుకోగలను. సరే, అబ్బా వచ్చి ఎలాగూ చూస్తారు కదా అని రెండూ గుడ్డలో చుట్టి పెట్టేశాను.

మూడోరోజు పొద్దున్నే మా ఇద్దరికీ గొడవైంది. గొడవ కొత్తది కాదు, కన్ను గురించి. అబ్బాకి ఎడమకన్ను కుర్రతనంలోనే పోయింది, తుపాకీ స్ప్రింగు ఎగిరి తగిలింది. ఉన్న కుడికంటికి శుక్లం వచ్చింది. ఆపరేషన్ చేయించుకోండి అని డాక్టరుగారు చెప్పి రెండేళ్ళు. ఉన్న ఒక్క కన్నూ కత్తికింద పెట్టి అదీ పోతే ఎలా అని ఆయన భయం. ఆ భయం ఉందని ఒప్పుకుంటే నేనూ మెత్తగానే మాట్లాడేదాన్ని. ఒప్పుకోరు. ఆ రోజు టీ గ్లాసు బల్లమీద అనుకుని గాల్లో పెట్టారు. గ్లాసు పగిలింది. నేను మళ్ళీ డాక్టరు మాట ఎత్తాను. నాకు బాగానే కనపడుతోంది, నీకంటే బాగా కనపడుతోంది, ఇంకోసారి ఆ మాట ఎత్తితే కొట్టుకి రావద్దు అన్నారు.

నా ఒళ్ళు మండిపోయింది. పదహారేళ్ళు ఆయన వెనక ఇనుము రాకి నా చేతులు కాయలు కాస్తే, కొట్టుకి రావద్దంటారా. ఆ క్షణం నుంచి నోరు కుట్టేసుకున్నాను. ఆయన సుత్తి అడిగితే సుత్తి ఇచ్చాను, నీళ్ళడిగితే నీళ్ళిచ్చాను. మాట మాత్రం లేదు.

ఆ మధ్యాహ్నమే మాస్టారు గూడెం నుంచి పాసింజరులో దిగి వచ్చారు. ఎంచుకున్న బారెల్ నంబరు ఆ రోజు కలెక్టరేట్‌లో లైసెన్సు పుస్తకంలో ఎక్కించుకుని వెళ్ళాలని ఆయన ఉద్దేశం. నంబరు ఒకసారి ఎక్కిందంటే ఇక ఆ బారెలే. మార్చాలంటే మళ్ళీ అర్జీ, మళ్ళీ ఎనిమిది నెలలు. మాస్టారు స్టూలు లాక్కుని కూచున్నారు. నేను ఒకటో నంబరు తీసి, గుడ్డ చుట్టిన కమ్మీతో ఒకసారి లోపల తుడిచి, ఎప్పటిలాగే నేనూ ఓసారి చూసి అబ్బా చేతికిచ్చాను.

చూస్తే గీత లేదు. అప్పుడు గుర్తొచ్చింది. కిటికీకి అడ్డ ఊచే లేదు. పాత చట్రాన్ని చెద తినేసిందని ముందురోజు సాయంత్రం వడ్రంగి వీరాస్వామి దాన్ని ఊడదీసి కొత్తది బిగించాడు. అడ్డ ఊచ ఇంకా పెట్టలేదు, రేపు పెడతానన్నాడు. ఆ సంగతి అబ్బాకి చెప్పాలనుకున్నాను. పొద్దున్నే గొడవైపోయింది.

పోనీలే, ఆయనే చూసుకుంటారు అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఇంకోటి కూడా అనుకున్నాను. నాకంటే బాగా కనపడుతోందన్నారుగా, చూద్దాం అనుకున్నాను. ఊచ ఏదే అని ఆయన అరుస్తారు, అప్పుడు నేను ఒక్కమాట అనకుండా వెళ్ళి తీగ కట్టొస్తాను, గెలుపు నాదవుతుంది. అంతే నా లెక్క. ఎదురుగా స్టూలు మీద కూచున్న మనిషి ఆ లెక్కలో లేడు.

అబ్బా బారెల్ ఎత్తి కంటికి ఆనించారు. కిటికీ వైపు తిప్పారు. వేళ్ళతో మెల్లగా చుట్టూ తిప్పుతూ ఎప్పుడూ చూసినంతసేపు చూశారు. తరవాత రెండోది తీసుకుని అదీ అలాగే చూశారు. ఆ తరవాత మొదటిది మళ్ళీ చేతిలోకి తీసుకుని, దానిమీద అరచెయ్యి వేసి, మాస్టారితో చెప్పారు.

"ఇది తీసుకోండి మాస్టారూ. గీత దారం లాగినట్టుంది. నేను చూశాను."

మాస్టారి ముఖం వెలిగిపోయింది. జేబులోంచి పెన్ను తీసి ఒకటో నంబరు బారెల్ మీది అంకెలు చిన్న కాగితం మీద రాసుకున్నారు. అబ్బా చేతులు రెండూ పట్టుకుని వందనాలు చెప్పారు. గుమ్మం దాకా నేను వెళ్ళాను. నోటిదాకా వచ్చింది మాట. ఏమని చెప్పను? మా అబ్బాకి కళ్ళు లేవండీ, లేని గీత చూశారండీ అనా? జాగ్రత్తగా వెళ్ళిరండి మాస్టారూ అన్నాను. ఆయన ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

వెనక్కొచ్చాక మాత్రం ఆగలేకపోయాను.

"ఏ ఊచ నీడ చూశారు? కిటికీకి ఊచ ఎక్కడుంది?"

అబ్బా లేచి కిటికీ దగ్గరికి నడిచారు. చెయ్యి చాపి చట్రం మధ్యలో వెతికారు. ఊచ ఉండాల్సిన చోట గాలి తప్ప ఏమీ లేదు. కొంచెం పైన తడిమారు, కొంచెం కింద తడిమారు. ఆ చేతిని అలా చూస్తూ నిలబడలేకపోయాను. రెండేళ్ళుగా నేను తిడుతున్నది మసక కన్నుని. ఇది మసక కాదు. ఎదురుగా అంత పెద్ద కిటికీ ఉంటే అందులో ఊచ ఉందో లేదో ఆయనకి తెలీదు.

ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. గీత కనపడక రెండేళ్ళయిందన్నారు. ఈ రెండేళ్ళలో ఆయన చూశానని చెప్పి పంపినవి పదకొండు తుపాకులు. ఎవరెవరి చేతుల్లో ఉన్నాయో, ఎవరి వైపు గురిపెట్టి ఉన్నాయో, పదకొండూ వరసగా కళ్ళముందు తిరిగాయి. మరి అవన్నీ ఎలా ఎంచారని అరిచాను. ఆయన మళ్ళీ కుర్చీలో కూచున్నారు. చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు.

"నాకిచ్చే ముందు నువ్వు తుడిచి చూస్తావుగా. బాగోలేకపోతే 'అబ్బా' అంటావు."

నాకు మొదట అర్థం కాలేదు. మా ఇళ్ళల్లో తండ్రిని అబ్బా అంటాం. తెలుగులో విసుగొచ్చినా అబ్బా అనే అంటాం. నేను రెండూ అంటాను, రోజుకి వందసార్లు అంటాను. బారెల్లో తుప్పు కనపడినా, వంకర కనపడినా నాకు తెలీకుండానే ఆ మాట గొణుగుతానట. కొట్లో ఉన్నవాళ్ళు నేను తండ్రిని పిలిచాననుకునేవాళ్ళు. పిలుపేదో విసుగేదో ఆయనకి మాత్రం తెలుసు. నేను గొణిగితే ఆ బారెల్ పక్కన పెట్టేసేవారు. గొణక్కపోతే చూశానని చెప్పేవారు. రెండేళ్ళుగా ఏలూరు నుంచి చింతలపూడి దాకా హబీబ్ చూశాడా అని అడిగిన ప్రతివాడికీ చూసిపెట్టింది నేను. నాకే తెలీదు.

"ఇవాళ నువ్వేమీ అనలేదు," అన్నారు. "రెండింటికీ అనలేదు. రెండూ బాగున్నాయనుకున్నానమ్మా."

చెంపమీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. ఆయన అబద్ధం ఆడారని కోపం రావాలి కదా, వచ్చింది. కానీ దానికంటే ముందు సిగ్గు వచ్చింది. ఆయనకి కనపడక తప్పు చెప్పారు. నేను చూసి, తెలిసి, పంతం కోసం నోరు మూసుకున్నాను. ఒకటో నంబరు సంగతేమిటని అప్పుడడిగారు అబ్బా. మూతి దగ్గర వంకర అని చెప్పాను. ఆయన కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని, పుస్తకంలో నంబరు ఎక్కకముందే వెళ్ళి మాస్టారిని ఆపమన్నారు. ఏం చెప్పి ఆపను అంటే, ఏదో ఒకటి చెప్పు, ముందు ఆపు అన్నారు.

చున్నీ నెత్తిమీద వేసుకుని ఆటో ఎక్కాను. వంతెన దగ్గర రాకపోకలు ఆగిపోయి ఉన్నాయి. ఆటోలో కూచుని చేతులు పిసుక్కుంటూ ఏం చెప్పాలో వరసగా అల్లుకున్నాను. అబ్బాకి కనపడదని చెప్తే మా కొట్టు ఆ సాయంత్రానికే మూసుకోవాలి. కొట్టు పోతే పోయింది, కుట్టుమిషన్లు బాగుచేసుకుని బతుకుతాను. అరవైయేళ్ళుగా ఆయన నిలబెట్టుకున్న మాట పోతే ఆయన దేనికోసం లేచి కూచుంటారు? దిగేసరికి అబద్ధం సిద్ధంగా ఉంది.

కలెక్టరేట్ వరండాలో బెంచీ మీద మాస్టారు ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూచుని ఉన్నారు. సెక్షన్ గుమాస్తా ఈశ్వరప్రసాద్ గారు మీటింగులో ఉన్నారట, ఇంకా రాలేదు. ఆ మీటింగు పెట్టినవాళ్ళు ఎవరో గానీ వాళ్ళు చల్లగా ఉండాలి. నంబరులో చిన్న పొరపాటు జరిగింది మాస్టారూ, కొట్టుకి ఒకసారి రావాలి అన్నాను. లెక్కల మాస్టారు కదా, ఊరికే లేవరు. కళ్ళద్దాల పైనుంచి నన్ను చూశారు.

"నంబరు తప్పా అమ్మా, బారెల్ తప్పా?"

బారెల్ అన్నాను. నేనే తారుమారు చేసి అబ్బా చేతికిచ్చాను, తప్పు నాది అన్నాను. అందులో సగం నిజమే. ఆ వంకర సంగతి నీకెప్పుడు తెలుసని అడిగారు. బారెళ్ళు వచ్చిన రోజే అని నిజం చెప్పాను. ఎందుకు చెప్పానో తెలీదు, ఆయన అడిగిన తీరులో అబద్ధానికి చోటు లేకపోయింది. వరండాలో ఎవరో ఫైళ్ళు మోసుకుంటూ మా మధ్యనుంచి పోయారు.

"గుమ్మం దాకా వచ్చావు కదమ్మా," అన్నారు మాస్టారు. "చేను వెనకాల డప్పు కొట్టేవాళ్ళు పదిమంది ఉంటారు. తుపాకీలో ఏముందో వాళ్ళకి తెలీదు. నన్ను నమ్మి నిలబడతారు. నేను మిమ్మల్ని నమ్మి."

తిట్టినా బాగుండేది. తల వంచుకుని నిలబడ్డాను. ఆయన ఫైలు తాడు కట్టుకుని లేచారు. ఇద్దరం ఆటోలో తిరిగొచ్చాం. దిగేటప్పుడు ఆటో డబ్బులు నన్ను ఇవ్వనీయలేదు.

మేము వచ్చేసరికి అబ్బా కిటికీకి అడ్డంగా ఒక ఇనప తీగ కట్టి ఉంచారు. తడుముకుంటూ కట్టారేమో, ఒకవైపు బాగా ఏటవాలుగా ఉంది. మాస్టారు ఆ తీగని చూశారు, అబ్బాని చూశారు. స్టూలు మీద కూచుని జేబులోంచి ఇందాకటి కాగితం తీసి, రాసుకున్న అంకెలు రెండు గీతలు పెట్టి కొట్టేశారు. అమ్మాయి ఏదో తారుమారు చేశానంటోందండీ, పోనీలెండి, టైములో తెలిసింది, రెండోది చూసి చెప్పండి హబీబ్ గారూ, అది రాసుకుని పోతాను అన్నారు.

నేను రెండో నంబరు తీశాను. కమ్మీతో తుడిచాను. కంటికి ఆనించి తీగ వైపు తిప్పాను. గీత ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎక్కడా విరగలేదు. నేను నోరు మెదపలేదు. ఈసారి పంతంతో కాదు, మెదపకపోవడమే బాగుందని చెప్పడం కాబట్టి. అబ్బా చేతికిచ్చాను. ఆయన వేళ్ళు ఒక్క క్షణం నా వేళ్ళమీద ఆగాయి. ఆయనకి తెలిసింది. ఇక చూశానని ఒక్కమాట అంటే చాలు. బారెల్ మంచిదే, మాట నిజమే, ఎవరికీ ఏ నష్టమూ లేదు. మాస్టారు గూడెం వెళ్ళి హబీబ్ చూశాడని చెప్తారు, ఎప్పటిలాగే అందరూ నమ్ముతారు. అనండి, అనేయండి అని మనసులో బతిమాలుకున్నాను.

అబ్బా బారెల్ ఎత్తారు. కంటికి ఆనించారు. కిటికీ వైపు తిప్పి మెల్లగా చుట్టూ తిప్పారు. చాలాసేపు అలాగే పట్టుకుని ఉన్నారు. మాస్టారు పెన్ను మూత తీసి సిద్ధంగా కూచున్నారు. ఆ తరవాత అబ్బా బారెల్‌ని కిందికి దించి, తడుముకుంటూ బల్లమీద పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నారు.

"నాకు కనపడదండీ మాస్టారూ," అన్నారు. "అమ్మాయిని అడగండి."